వెనక సీటు బేరం

బావ బెంజ్ ఈ-క్లాస్ కారు కొంటానంటే తోడు వెళ్ళాను. 2024 అక్టోబర్లో కొత్తది వచ్చినప్పుడు ఎక్స్-షోరూమ్ ధరలు ఇలా ఉన్నాయి: ఈ200 పెట్రోలు 78.5 లక్షలు, ఈ220డి డీజిలు 81.5, ఈ450 ఏకంగా 92.5. ఆరు సిలిండర్లు, 381 హార్స్‌పవర్ అనగానే బావ కళ్ళు 450 మీదే అతుక్కుపోయాయి.

"మీరేమైనా నడుపుతారా?" అంది అక్క. డ్రైవరున్నాడు మరి!

2017 నుంచీ మనకు పొడుగు వీల్‌బేస్‌తో అమ్ముతున్నది వెనక సీటు కోసమే కదా. కాళ్ళు చాపుకునే చోటు మూడింట్లోనూ ఒకటే. వెనక కునుకు తీసేవాడికి ఎన్ని సిలిండర్లయితేనేం? నెలకు నాలుగుసార్లు విజయవాడ–హైదరాబాద్ తిరిగే మనిషికి 440 ఎన్ఎం టార్క్ ఉన్న డీజిలే నయమన్నాను.

బావ ఇంకా 450 బ్రోషరే తిరగేస్తున్నాడు.