ఆన్ ఆర్బర్‌లో ఒక్క పాయింటు

మిషిగన్ రాష్ట్రంలో ఎవరినైనా "మీది ఏ ఊరు?" అని అడిగితే మ్యాపు తీయరు. అరచెయ్యి చాపి, "ఇదిగో ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు. ఆ రాష్ట్రపు దక్షిణ భాగం అచ్చం చేతి తొడుగు ఆకారంలో ఉంటుంది. చుట్టూ సముద్రాల్లాంటి సరస్సులు. మా అమ్మాయీ అల్లుడూ ఉండే ఆన్ ఆర్బర్ ఆ చేతికి బొటనవేలి మొదలు దిగువన, మణికట్టుకు దగ్గరగా ఉంది. ఈ వ్యాసంలో వచ్చే రెండో ఊరు షార్లవాయ్ చిటికెన వేలి కొస దగ్గర ఉంది. రెంటికీ మధ్య సుమారు 400 కిలోమీటర్లు. మన బరంపురం వాళ్ళకు తెలిసేలా చెప్పాలంటే, ఇక్కణ్ణించి విశాఖపట్నం మీదుగా తుని దాకా వెళ్ళినంత దూరం.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఆరేసి నెలలు ఉండి రావడం మనం చూస్తున్నదే. నేనింకా సర్వీసులో ఉన్నవాణ్ణి. కూడబెట్టుకున్న సెలవుల్లోంచి అయిదు వారాలు మంజూరు కావడమే గొప్ప. అక్టోబరు నడిమిలో బయలుదేరుతున్నామంటే చలికి తట్టుకోలేరని అందరూ భయపెట్టారు. మా శ్రీమతి మాత్రం స్వెట్టర్ల మధ్య ఆవకాయ సీసా ఎలా సర్దాలన్న ఆలోచనలోనే ఉండిపోయింది.

ఆన్ ఆర్బర్ డెట్రాయిట్‌కు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరంటే విశ్వవిద్యాలయమే. 1817లో డెట్రాయిట్‌లో పుట్టి 1837లో ఇక్కడికి వచ్చింది. ఊరి మధ్యగా హ్యూరాన్ నది నిదానంగా పోతుంది. ఊరి జనాభా 2020 లెక్కల్లో సుమారు 1,24,000. వారి ఫుట్‌బాల్ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. అంటే ఊరికి తాళం వేసి దాదాపు అందరూ వెళ్ళి కూర్చోవచ్చునన్నమాట. దాని పక్కనే క్రిస్లర్ సెంటర్ అనే బాస్కెట్‌బాల్ మందిరం ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను. అక్కడికి గంట లోపు ప్రయాణంలో నోవై అనే ఊళ్ళో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఆ ప్రసాదాల వరసలో నిలబడితే చుట్టూ వినిపించిన తెలుగు మన వీధిలో కూడా వినిపించదు. మనకు ఒడియా కలిసిపోతుంది, వాళ్ళకు ఇంగ్లీషు.

వెళ్ళిన రెండో వారంలో అల్లుడు రెండు రోజులు సెలవు పెట్టి ఉత్తరానికి కారు తిప్పాడు. అది ఆకులు రంగు మారే కాలం. మేపుల్ చెట్లు కొన్ని కుంకుమలా, కొన్ని పసుపులా ఉన్నాయి. పైకి పోయేకొద్దీ రంగు తగ్గి మోళ్ళు ఎక్కువయ్యాయి. ఉత్తరాన ఆకు ముందే రాలుతుందట.

షార్లవాయ్ చిన్న ఊరు. పేరు ఫ్రెంచిది, రాసేది ఒకటి, పలికేది ఒకటి. ఒక పక్క మిషిగన్ సరస్సు, మరో పక్క ఊరి పేరే పెట్టుకున్న ఇంకో సరస్సు. రెంటినీ కలిపే కాలువ మీద వంతెన ఉంది. పడవలు తిరిగే రోజుల్లో అరగంటకొకసారి ఆ వంతెన రెండు రెక్కలుగా పైకి లేస్తుంది. కార్లన్నీ ఆగిపోతాయి, ఎవరూ హారను కొట్టరు. పెద్ద పెద్ద గుండ్రాళ్ళతో, పుట్టగొడుగుల్లాంటి కప్పులతో కట్టిన వింత ఇళ్ళు ఇక్కడ చూడదగ్గవి. ఎర్ల్ యంగ్ అనే ఆయన కట్టినవి. సరస్సు ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడదు, అలలు వస్తాయి, ఇసుక ఉంటుంది. మన గోపాలపురం సముద్రమే అనిపించింది. మా ఆవిడ వేలు ముంచి నాలుకకు రాసుకుని, "చప్పగా ఉంది. దీన్ని సముద్రమని నేనొప్పుకోను" అని తీర్పు చెప్పింది.

ఊరిని ఆనుకునే చిన్న విమానాశ్రయం ఉంది. వేసవి విడిది ఇళ్ళకు సొంత విమానాల్లో వచ్చేవారికి అదే బస్టాండు లాంటిది. దాని పక్కగా పోతూ అల్లుడు కారు నెమ్మది చేశాడు. "మామయ్యగారూ, మా యూనివర్సిటీలో ఆస్టిన్ హాచ్ అని ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. అతని కథ ఇక్కడే ఆగిపోవలసింది" అన్నాడు.

ఆస్టిన్ హాచ్‌ది పక్క రాష్ట్రం ఇండియానాలోని ఫోర్ట్ వేన్. తండ్రి వైద్యుడు, సొంతంగా చిన్న విమానం నడిపేవాడు. షార్లవాయ్‌కు దగ్గరలోనే వారికి వేసవి ఇల్లు ఉండేది. 2003 సెప్టెంబరు 1న అక్కడినుంచి ఫోర్ట్ వేన్‌కు తిరిగి వెళుతుండగా విమానం కూలింది. తల్లి, పదకొండేళ్ళ అక్క, అయిదేళ్ళ తమ్ముడు పోయారు. తండ్రీ, ఎనిమిదేళ్ళ ఆస్టినూ మిగిలారు.

ఆ ఇద్దరూ ఎలాగో నిలదొక్కుకున్నారు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కుర్రవాడు పొడుగ్గా ఎదిగి, హైస్కూలు బాస్కెట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నాడు. 2011 జూన్ 15న, పదహారేళ్ళ వయసులో, మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడతానని మాట ఇచ్చాడు. వాళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, జూన్ 24న, తండ్రి నడుపుతున్న విమానం ఈ షార్లవాయ్ విమానాశ్రయం దగ్గరే ఒక ఇంటి కారు షెడ్డు మీద కూలింది. తండ్రీ, సవతి తల్లీ పోయారు. ఈసారి ఒక్కడే మిగిలాడు.

కారులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. వెనక సీట్లోంచి మా శ్రీమతి అడిగిన మొదటి మాట, "మరి ఆ పిల్లాణ్ణి ఎవరు చూశారు?"

మా ఇంట ఆ ప్రశ్నకు ఒక కారణం ఉంది. మా ఆవిడ చెల్లెలూ మరిదీ రెండేళ్ళ కిందట రోడ్డు ప్రమాదంలో పోయారు. వారి అబ్బాయి మా దగ్గరే పెరుగుతున్నాడు. ఇప్పుడు ప్లస్ టూ చదువుతున్నాడు. అంతకు ముందు బడి వాలీబాల్ జట్టులో మంచి ఆటగాడు. ఆ తరవాత మైదానం వైపు పోలేదు. వచ్చిన ప్రతి చుట్టమూ "ధైర్యంగా ఉండాలి నాన్నా" అని వీపు నిమిరి, కాఫీ తాగి వెళతారు. వాడు తలూపుతాడు. కావలసింది ధైర్యమే అయితే దానికి మా ఇంట కరువు లేదు.

ఇక హాచ్ సంగతి. తలకు పెద్ద దెబ్బ, ఊపిరితిత్తికి గాయం, విరిగిన ఎముకలు. ఎనిమిది వారాలు కోమాలో ఉన్నాడు. లేచాక నడక, మాట, తన అన్నం తాను తినడం, అన్నీ చంటిపిల్లాడిలా మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. బంధువులు లాస్ ఏంజిలెస్‌కు తీసుకువెళ్ళి అక్కడి లయోలా హైస్కూల్లో చేర్పించారు. 2014 జనవరిలో, ప్రమాదం జరిగిన రెండున్నరేళ్ళకు, ఆ బడి తరఫున మొదటిసారి ఆటలో దిగి మూడు పాయింట్ల గీత అవతలినుంచి బుట్టలో వేశాడు. అయినా అతని కాళ్ళు పాత కాళ్ళు కావు. మెదడుకు తగిలిన దెబ్బవల్ల, చెయ్యాలనుకున్నదానికీ చేసేదానికీ మధ్య క్షణంలో కొంత ఆలస్యం. బాస్కెట్‌బాల్ అంతా ఆ క్షణంలోనే ఉంది.

ఇక్కడ బ్యాంకు ఉద్యోగిగా నాకు తోచినది చెప్పకుండా ఉండలేను. హాచ్‌కూ విశ్వవిద్యాలయానికీ మధ్య 2011 జూన్‌లో ఉన్నది నోటిమాట మాత్రమే. హైస్కూలు చివరి ఏడాది నవంబరు దాకా సంతకం చేయించుకోవడానికి నిబంధనలే ఒప్పుకోవు. అంటే చట్టం దృష్టిలో అదొక బాకీ కాదు, హామీ కూడా కాదు. పైగా ఆ రోజుల్లో ఒక జట్టుకు 13 స్కాలర్‌షిప్‌లే అనుమతించేవారు. అందులో ఒకటి ఆడలేనివాడికి ఇస్తే ఆడగలవాడు ఒకడు తగ్గుతాడు. జాన్ బైలైన్ అనే ఆయన అప్పటి కోచ్. ఆటల్లో కోచ్ ఉద్యోగం గెలుపోటముల మీదే నిలుస్తుంది, అక్కడ అది కోట్ల డాలర్ల వ్యవహారం. మా శాఖలో అయితే ఇలాంటి ఖాతాను సందేహాస్పద పద్దులోకి మార్చి, రెండేళ్ళలో రాసిపారేసేవాళ్ళం. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. "అబ్బాయి కోలుకోవాలని ప్రార్థిస్తున్నాం" అని ఒక ఉత్తరం రాసి ఊరుకున్నా పత్రికలు మెచ్చుకునేవే.

బైలైన్ మాట మార్చలేదు. 2013 నవంబరులో హాచ్ సంతకం చేశాడు, కాగితం అప్పుడు పుట్టింది. 2014లో ఆన్ ఆర్బర్‌కు వచ్చాడు, ఒక ఏడాది ఆలస్యంగా. 30వ నంబరు జెర్సీ ఇచ్చారు. 13లో ఒకటి నిజంగానే అతనికి పోయింది.

2014 డిసెంబరు 22న క్రిస్లర్ సెంటర్‌లో కాపిన్ స్టేట్ జట్టుతో మ్యాచ్. మిషిగన్ ఎలాగూ గెలుస్తోంది. చివర్లో కోచ్ హాచ్‌ను దింపాడు. ఆఖరి సెకన్లలో అతను బంతి విసరబోతుంటే ఎదుటివాడు తగిలాడు, ఫౌలు అయింది, ఫ్రీ త్రోలు దొరికాయి. ఆట తెలియనివారికి ఒక మాట. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డురారు. బుట్ట ఉన్న పలకకు 15 అడుగుల దూరంలో గీత, పది అడుగుల ఎత్తున బుట్ట, ఎదురుగా మీరొక్కరు. వెయ్యగలిగితే ఒక్క పాయింటు. హాచ్ ఒకటి వేశాడు. బెంచీ మీద ఉన్న ఆటగాళ్ళంతా ఎగిరి లేచారు, మందిరమంతా లేచి నిలబడింది.

విశ్వవిద్యాలయం లెక్కల్లో అతని పేరిట ఉన్నది ఆ ఒక్క పాయింటే. 2015లో అతను ఆట మానుకుని, ఆరోగ్య కారణాల మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌కు మారాడు. అది 13లోకి రాదు. జట్టుకు విద్యార్థి సహాయకుడిగా ఉండిపోయాడు. 2018లో అదే జట్టు జాతీయ పోటీల తుది మ్యాచ్ దాకా వెళ్ళి విల్లనోవా చేతిలో ఓడింది. ఆ ఏడే అతను పట్టా తీసుకున్నాడు, అదే విశ్వవిద్యాలయంలో వాలీబాల్ ఆడిన అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. బైలైన్ 2019లో అక్కడినుంచి వెళ్ళిపోయాడు.

ఇలాంటి కథలు చెప్పేటప్పుడు మనవాళ్ళు కుర్రవాడి పట్టుదలను ఆకాశానికెత్తుతారు. ఎత్తవలసిందే. కానీ నాకు ఆ రాత్రి హోటల్లో నిద్రపట్టక ఆలోచిస్తే, 2011లో కోమాలో పడుకున్న పిల్లాడికి తెలియకుండానే ఎక్కడో అతని చోటు అతనికోసం ఉందన్న సంగతి దగ్గరే మనసు ఆగిపోయింది. మా బరంపురం పిల్లాడి బడిలో డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉన్నారు. వాడు వాళ్ళ బడి దాటి కాలేజీకి వచ్చేసినా, ఆదివారం ఉదయం పాత విద్యార్థులు ఆడే జట్టు జాబితాలో వాడి పేరు ఇంకా రాస్తూనే ఉన్నారట. బజారులో కనపడినప్పుడు నాతో మామూలు విషయంలా చెప్పారు. వస్తాడా అని ఆయన అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.

నవంబరులో బాస్కెట్‌బాల్ మొదలైంది. అల్లుడు నాకూ తనకూ టిక్కెట్లు తెచ్చాడు. క్రిస్లర్ సెంటర్ 1967లో తెరిచిన మందిరం, సీట్లు 12,707. నేలకంటే దిగువకు తవ్వి కట్టారు కాబట్టి తలుపు దాటగానే మనం పైవరసలో ఉంటాం, ఆట కింద గుంటలో జరుగుతుంది. జనమంతా పసుపూ నీలమూ. ఆ పసుపును మొక్కజొన్న రంగు అనాలట, పసుపు అంటే కోప్పడతారు. బ్యాండువాళ్ళు ఆపకుండా వాయిస్తారు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక వ్యాయామోపాధ్యాయుడు బాల్కనీ అంచుకు పళ్ళ బుట్టలు కొట్టి మొదలుపెట్టిన ఆట ఇంత హడావుడికి వచ్చిందంటే ఆశ్చర్యమే.

మ్యాచ్ ఏకపక్షంగా సాగింది. నిజం చెప్పొద్దూ, మధ్యలో కాస్త విసుగనిపించింది. వేరుసెనగ గింజలు వాళ్ళమ్మే ధరకు మనకు బస్తా వస్తుంది. రెండు నిమిషాలు మిగిలి ఉండగా, వెళ్ళిపోదామా అన్నాను. "ఉండండి మామయ్యగారూ, ఇప్పుడే చూడాలి" అన్నాడు అల్లుడు. అప్పుడు బెంచీ చివర కూర్చున్న కుర్రవాళ్ళను దింపారు. రోజూ అందరితో సమానంగా సాధన చేసి, మ్యాచ్‌లో ఎప్పుడూ కూర్చునే ఉండేవాళ్ళు. అంతవరకూ సెల్‌ఫోన్లు చూసుకుంటున్న జనం లేచి నిలబడ్డారు. ఒక సన్నపాటి కుర్రవాడు దూరంనుంచి విసిరాడు. బంతి అంచుకు తగిలి పక్కకు పోయింది. మందిరమంతా ఒక్కసారి "అయ్యో" అన్నట్టు మూలిగింది. చప్పట్లు మాత్రం బుట్టలో పడినంతగా కొట్టారు. బెంచీ మీది పెద్ద ఆటగాళ్ళు లేచి నిలబడి ఇంకా ముందుకు వంగి చూస్తున్నారు.

బయటికి వస్తే ఊపిరి పొగలా వస్తోంది. కారు దగ్గరికి నడుస్తూ ఇంటికి ఫోను చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదైతే మనకు ఉదయం ఏడున్నర. మావాడే ఎత్తాడు. షార్లవాయ్ నుంచి వచ్చిన రోజునే వాడికి హాచ్ కథ అంతా చెప్పి ఉన్నాను, ఏ వ్యాఖ్యానమూ చెయ్యకుండా. అప్పుడు "ఊఁ" అని ఊరుకున్నాడు. ఇప్పుడు మ్యాచ్ కబుర్లు విని, కాసేపాగి అడిగాడు.

"పెదనాన్నా, అన్నాళ్ళూ ఆ చోట్లో వేరేవాణ్ణి ఎవర్నీ తీసుకుంటామని వాళ్ళు అనలేదా?"

"అనలేదురా."

"వస్తాడో రాడో తెలియకుండానే?"

"తెలియకుండానే."

సరే, కాలేజీకి టైమవుతోందని ఫోను పెట్టేశాడు.