దువ్వూరు బాటలో గూడుబండి

అహోబిలమున నృసింహస్వామిని సేవించుకొని బ్రహ్మంగారి మఠమునకు బోవువారికి ఆళ్లగడ్డ, చాగలమఱ్ఱి గడచిన పిమ్మట దువ్వూరు వచ్చును. తూర్పున నల్లమల కొండలు నీలివన్నెతో గానవచ్చును. కర్నూలు–కడప కాలువ నీటిచే వరియు పసుపును పండు సీమ యిది. నేడు బస్సులలో ఈ దారి సులువుగా గడచును గాని, పూర్వము మన యవ్వలు ఎడ్లబండిపై గూడు కట్టించుకొని బిడ్డలతో యాత్రలు చేసిరి. ఆ గూటి నెట్లెక్కించెడివారో ఇచ్చటి పెద్దలు చెప్పగా శ్రద్ధతో వింటిమి.

ఎరువును పనలను మోయు బండియే యాత్రకును బండి. ఎడ్లను విప్పి, చక్రములకు రాళ్లడ్డము పెట్టి, కాడి క్రింద నొక ఊతకఱ్ఱయు, వెనుక నొక మొద్దును నిలిపి బండిని చదునుగా నుంచెడివారు. వెదురుబద్దలతో నల్లి చాపలు గప్పిన గూటిని ఇరుప్రక్కల నిలిచి ఒక్కమాటుగా నెత్తవలెను. ఒకవైపు ముందు లేచినచో బద్దలు మెలిపడి విఱుగును. ప్రక్కగుంజల నడుమ దించి, నాలుగు మూలల త్రాళ్లతో బిగించి, లోపల వరిగడ్డి పఱచి దుప్పటి వేసిన అదియే పడకటిల్లు. యాత్ర ముగియగానే గూడు దిగును, బండి పొలమునకు బోవును.

బరువు ఇరుసునకు కొంచెము ముందుండవలెను. మూటలన్నియు వెనుక జేర్చిన కాడి పైకి లేచి, పట్టెడలు ఎడ్ల గొంతు నొక్కును. మిక్కిలి ముందైన మెడలు పుండ్లగును. బియ్యపుమూట యెక్కడ, ముసలమ్మ యెక్కడ, బిడ్డలెక్కడ అనునది ఇల్లాలు ఎఱిగియుండవలసిన విద్య.

అమెరికాలో పికప్ అను చిన్న లారీ తొట్టిలో పడకయు పొయ్యియు గల గదిని అమర్చుకొందురు. దానికి క్యాంపరని పేరు. నాలుగు మూలల జాకీకాళ్లను సమముగా పెంచి గదిని లేపి, లారీని వెనుకకు నడిపి దాని క్రిందికి దెచ్చి, మెల్లగా దింపి బిగింతురు. అందును బరువు వెనుక ఇరుసునకు ముందే నిలువవలెను. లేనిచో ముందు చక్రములకు నేలపట్టు తగ్గును. దేశములు వేఱైనను ధర్మ మొక్కటే.

సోదరీమణులారా! నేడు తిరునాళ్లకు ట్రాక్టరు తొట్టిపై వెదుళ్లు నిలిపి పట్టా కప్పి, స్త్రీలను బిడ్డలను క్రిక్కిఱియ నెక్కించుట చూచుచున్నాము. నీడ యున్నది గాని ఊత లేదు. ఎద్దుల నడకకు చాలిన కట్టు మోటారు వేగమునకు చాలదు. సరకుల బండిలో మనుష్యుల ప్రయాణమును చట్టమును ఒప్పదు. బస్సు దొరకుచోట బస్సే మేలు. పైకప్పు జూచి మురియక, క్రింది యూతను జూచిన పిదపనే బిడ్డను బండిలోనికి అందింపుడు.