బొమ్మలింటికి మరమ్మతు

కొండపల్లి బొమ్మలు కొనడానికి కొండపల్లి వెళ్ళేవారు చాలామంది. బాగుచేయించుకోవడానికి వెళ్ళేవారు బహు తక్కువ. కొత్త బొమ్మ కావాలంటే విజయవాడలోనే లేపాక్షి దుకాణంలో దొరుకుతుంది. అందుకోసం ఆ వూరుదాకా పోనక్కరలేదు. పాత బొమ్మకు చెయ్యి విరిగినా, రంగు పెచ్చులూడినా మాత్రం చేసిన చేతుల దగ్గరికే పోవాలి. ఆ పనిమీదనే కిందటి నవంబరులో మా పిన్నీ నేనూ ఒక అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని బయలుదేరాం.

పెట్టెలో వున్నది ఒక పల్లెటూరు. జానెడు పొడుగు పెంకుటిల్లు, దాని ముందు అరుగు, రెండు స్తంభాలు. పక్కన గొడ్లసావిడి, గిలకబావి. ఎడ్లబండి, తిరగలి విసురుతున్న ఆవిడ, తాడిచెట్టు. చెట్టుమీద కల్లుగీసే మనిషి ఒకప్పుడు వుండేవాడు, యిప్పుడు లేడు. మా అమ్మమ్మ కోసం వాళ్ళ నాన్నగారు 1956లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, కొండపల్లిలో చేయించిన పల్లె అది. యింటికి వెనకవైపు గోడ లేదు. అటునుంచి చూస్తే లోపల రెండు గదులు. ఆ గదులలో మూడు తరాల ఆడపిల్లలు తమకు తోచిన సామానంతా చేర్చారు. అగ్గిపెట్టెతో చేసిన మంచం, దానిమీద పట్టుజాకెట్టు పీలికతో దుప్పటి, సీసా మూతతో గంగాళం, క్యాలెండరులోంచి కత్తిరించి గోడకు అంటించిన లక్ష్మీదేవి. పట్నాలలో వాటిని చూసి డాల్‌హౌస్ అంటారు. మా యింట్లో బొమ్మలిల్లు అనే పిలిచేవాళ్ళం.

ఏటా సంక్రాంతికి కొలువు పెట్టేది మా పిన్నే. ఆవిడకు యిప్పుడు మోకాళ్ళు సహకరించటం లేదు. మెట్లు కట్టి, అటకమీది పెట్టెలు దింపడం చేతకాదు. పూనాలో వుండే మనవరాలు, పదకొండేళ్ళ పిల్ల, "అమ్మమ్మా, యిక్కడ నేను పెడతాను" అన్నదట. దాంతో పిన్నికి ప్రాణం లేచివచ్చింది. వెంటనే బెంగ కూడా పట్టుకుంది. యిల్లు చూడబోతే రంగు రాలి, ఒక స్తంభం వూడి, ఎద్దుకు కాలు పోయి వున్నది. "దీన్ని యిట్లాగే పంపిస్తే ఆ పిల్ల యేమనుకుంటుందే! కొత్తదానిలాగా చేయించాలి" అన్నది. నాకు ఆ 'కొత్తదానిలాగా' అన్నమాట దగ్గరే పేచీ.

విజయవాడనుంచి కొండపల్లి సుమారు యిరవై కిలోమీటర్లు. రైలులోనైతే కాజీపేట వెళ్ళే దారిలో వస్తుంది. మేము రోడ్డునే వెళ్ళాం, గొల్లపూడి మీదుగా, హైదరాబాదు రోడ్డు పట్టుకుని. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ కనిపిస్తుంది. 2015 నుంచి పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి నీరు వచ్చి కలుస్తున్నది యీ చోటనే. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దాటగానే కొండలు మొదలవుతాయి. ఆ కొండమీది కోట రెడ్డిరాజుల నాటిది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో గజపతుల చేతిలోనుంచి దాన్ని గెలుచుకున్నాడు. తెలుగు పాఠాలు చెప్పే నాబోటిదానికి ఆ కోట ఎక్కకుండా రావడం నేరమే గాని, పిన్ని మోకాళ్ళూ, ఒళ్ళో పల్లెటూరూ వున్నప్పుడు కోటలు కిందనుంచి చూస్తేనే అందం.

బొమ్మలు చేసేవారి యిళ్ళు వూళ్ళోనే ఒకచోట వున్నాయి. వీరిని ఆర్యక్షత్రియులంటారు. పూర్వం రాజస్థానం నుంచి వచ్చామని చెప్పుకుంటారు. వీధిలో నడుస్తుంటే పనికంటె ముందు వాసన తగులుతుంది: చెక్కపొడి, ఉడికిన చింతగింజల జిగురు, రంగు. ప్రతి అరుగుమీదా సగం చెక్కిన ఏనుగులు, తలలు లేని దశావతారాలు, చేతులు యింకా అతకని వధూవరులు. కాళ్ళూ చేతులూ వేరువేరుగా చెక్కి తరవాత అతికించడం యీ బొమ్మల పద్ధతి. ఏటికొప్పాకలో అట్లా కాదు. అక్కడ అంకుడుకర్రను తరిమెన పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు ఎక్కిస్తారు. అందుచేత ఆ బొమ్మలు గుండ్రంగా, నున్నగా వుంటాయి, తడిగుడ్డతో తుడిచినా చెదరవు. కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడిచామా, గుడ్డకే రంగు పూస్తాం. యీ తేడా తెలియక పండుగ ముందు శుభ్రం చేయబోయి బొమ్మల మొగాలు పోగొట్టిన యిళ్ళు నేను రెండు మూడు చూశాను.

నలుగురిని అడిగితే ముగ్గురు మరమ్మతు చెయ్యమన్నారు. కోపంతో కాదు. "రెండు రోజుల పనండీ. ఆ రెండు రోజుల్లో కొత్తవి చేసుకుంటే మాకు గిట్టుతుంది" అని ఒకాయన నిజం చెప్పాడు. నాలుగో యింట్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన పెట్టె విప్పమన్నారు. ఆయన చెక్కుతారు, ఆయన భార్య రంగులు వేస్తుంది. యింటిని చేతిలోకి తీసుకుని ఆయన మొదట వెనకవైపు చూశారు.

"యిది అంగడికి చేసింది కాదమ్మా. అడిగి చేయించుకున్నది. అమ్మకానికి చేసే యింటికి లోపల గదులు తొలవం."

తరవాత గోటితో గోడమీద మెల్లగా తట్టి, "యీ నీలం మాది కాదు" అన్నారు.

పిన్ని వూరుకుంటుందా! "అదేమిటి బాబాయిగారూ, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ యీ యిల్లు నీలంగానే వుంటే!"

"యిది ఎనామిల్ అమ్మా, కిటికీలకు వేసే రంగు. కింద మా సుద్ద వుంది, సుద్దమీద మా రంగు వుంటుంది. చూడండి" అని అరుగు కింద, కనపడని మూల, చిన్న ఉలి అంచుతో వేలిగోరంత మేర గీశారు. నీలం పొర పెళుసుగా లేచింది. కింద పసుపుపచ్చ గోడ, దాని అడుగున ఎర్రటి అంచు. అచ్చం మన పల్లెల్లో పండుగకు అలంకరించిన గడపలాగా.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత, "మా నాన్న వేశారు" అన్నది. "కిటికీలకు వేయగా డబ్బాలో అడుగున మిగిలితే, వాకిట్లో కూచుని వేశారు. డబ్బా నేనే పట్టుకున్నాను. యెట్లా మరిచిపోయానే!"

నేను పుట్టకముందే పోయిన తాతగారు ఆయన. ఆయన చేతిరాత మా యింట్లో ఒక పద్దుపుస్తకంలో తప్ప యెక్కడా లేదు. యిప్పుడు దగ్గరగా చూస్తే కిటికీ పక్కన కుంచె జారిన గుర్తు, చూరు కింద ఒక చుక్క కారి ఆగిపోయిన చోటు కనిపించాయి.

అక్కడ మొదలైంది అసలు చిక్కు. మా క్లాసులో తాళపత్ర గ్రంథాల పరిష్కరణ గురించి పాఠం చెబుతాను. ఒక కావ్యానికి నాలుగు ప్రతులుంటే, కవి రాసినదేదో, లేఖకుడు చేర్చినదేదో తేల్చి, చేర్చినదాన్ని కిందికి దింపాలంటాను. బల్లమీద పుస్తకం వున్నప్పుడు అది సులువు. చేర్చినవాడు మన తాతగారైనప్పుడు, డబ్బా పట్టుకున్న పిల్ల మన పక్కనే అరవై అయిదేళ్ళ ముసలిదై కూచున్నప్పుడు, ప్రక్షిప్తమని కొట్టివేయడానికి చెయ్యి రాదు.

"ఏ కాలంనాటి యిల్లు కావాలో మీరే చెప్పాలి. నేను రెండూ చేస్తాను, రెండూ ఒకచోట వుండవు" అన్నారు పెద్దాయన.

ఆయన భార్య అడ్డువచ్చి, "వుంటాయి" అన్నది. యింటిని వెలుతురులోకి తిప్పి వివరంగా చెప్పింది. ఎనామిల్ గట్టి తోలువంటిది. కింది కర్ర వానకు వుబ్బి ఎండకు కుంగుతుంటే అది కదలదు, మధ్యలో సుద్ద నలిగి పొడి అవుతుంది. అందుకే పెచ్చులు. కుడిపక్క గోడా, స్తంభాలూ అట్లా వదులయిపోయాయి. వాటి నీలం ఎవరు వుంచుదామన్నా వుండదు. ముందు గోడమీద మాత్రం గట్టిగానే పట్టుకుని వుంది. వూడేది వూడనిచ్చి పాత పసుపును బయటికి తేవడం, పట్టుకున్నదాన్ని అంచులు అతికి అట్లాగే వుంచడం. యిదీ ఆవిడ తీర్పు. పిన్ని కళ్ళు తుడుచుకుని సరేనన్నది. నాకూ అంతకంటె మంచి పరిష్కరణ యే గ్రంథంలోనూ కనపడలేదు.

పనిని నేను మొదటిరోజు సాయంత్రందాకా కూచుని చూశాను. కర్ర తెల్లపొణికి. యీ కొండల అడవుల్లోనిదే. చేతిలో పట్టుకుంటే బెండులాగా తేలిక. పచ్చికర్రను ఎండనిచ్చి, సన్నని సెగమీద తేమంతా పోయేదాకా కాస్తారు. అది సరిగా జరిగిన బొమ్మ ఒక తరం దాటుతుంది, జరగనిది ఏడాదిలో బీటలిస్తుంది. ఎద్దుకాలికి ఆయన పాత తునకలలో వెతికి బాగా ఎండినదాన్ని తీశారు. కొత్త కర్ర వేస్తే అది ఆరుతూ ఆరుతూ పాతదాన్ని లాగేస్తుందట.

అతుకుకు చింతగింజల జిగురు. అదే జిగురులో పొణికి చెక్కపొడి కలిపితే మక్కు అవుతుంది. బీటలు పూడ్చడానికీ, ఎద్దు మూపురం, ఆవిడ కొప్పు వంటి చిన్న ఒంపులు తీర్చడానికీ అదే. ఆరిన మక్కు కర్రలో కర్రగా కలిసిపోతుంది. బజారులో దొరికే గట్టి జిగురు ఎందుకు వాడరని అడిగాను. "అతుకు గట్టిగా వుంటే యీసారి పడ్డప్పుడు కర్ర విరుగుతుంది. మా జిగురైతే అతుకే వూడుతుంది, మళ్ళీ పెట్టుకోవచ్చు" అన్నారు. తిండిపిండి వంటి జిగురు కనుక పురుగుకు యిష్టమన్న సంగతి కూడా ఆయనే చెప్పారు. గొడ్లసావిడి దూలంలో సూదిమొన అంత బెజ్జాలూ, పెట్టె అడుగున పిండిలాంటి పొడీ వున్నాయి. దాన్ని వేరుచేసి, బెజ్జాలలో కిరసనాయిలు చుక్కలు వేసి, వారంపాటు నీడన వుంచాకగాని పూడ్చనన్నారు.

నీలం తియ్యడమే అన్నిటికంటె నెమ్మది. ఉలి అంచుతో, మధ్య మధ్య మేకవెంట్రుకల కుంచెతో దులుపుతూ ఆవిడ గంటలో రెండు వేళ్ళ మేర తీసింది. పసుపు పోయినచోట కొత్త సుద్ద పూసి, రంగు కలిపింది గాని, పాతదానికంటె ఒక పిసరు లేతగా కలిపింది. "రెండూ ఒకటేలాగా వేస్తే యేది వాళ్ళదో యేది నాదో తెలియదు గదండీ" అన్నది. ఆవిడ యెక్కడా చదివి నేర్చుకున్న మాట కాదది.

పిన్ని లోపలి సామాను గురించి సిగ్గుపడి, అగ్గిపెట్టె మంచం అవతల పారెయ్యమన్నది. ఆవిడ వినలేదు. దుప్పటి తీసి దులిపి, మంచం కాళ్ళకు కాస్త జిగురు పెట్టి, మళ్ళీ అదే గదిలో అదే మూలకు వేసింది. క్యాలెండరు లక్ష్మీదేవి జోలికి పోలేదు. తీస్తే గోడ వస్తుందట.

డిసెంబరు మూడోవారంలో మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాం. మొత్తం మరమ్మతుకు మేమిచ్చిన డబ్బు పెట్టి అదే వీధిలో కొత్త పల్లె కొనుక్కోవచ్చు. ఆ మాట మా యింట్లో మగవాళ్ళు రెండు మూడుసార్లు గుర్తుచేశారు. ఆయన అడిగినదే తక్కువని నా వుద్దేశం. రెండు రోజులన్న పని వారం పట్టింది. ఆ వారంలో ఆయన అరుగుమీద సంక్రాంతి గిరాకీకి చెయ్యవలసిన ఏనుగులు అట్లాగే నిలిచిపోయాయి. పిల్లలు యీ పనిలో వున్నారా అని పిన్ని అడిగితే, కొడుకు విజయవాడలో వుద్యోగం చేస్తాడని చెప్పి వూరుకున్నారు.

మీ అటకమీద కూడా యిట్లాంటి పెట్టె వుంటే, పండుగల ముందు తీసుకువెళ్ళకండి. వేసవిలో వెళ్ళండి, తీరిగ్గా చూస్తారు. వెళ్ళేముందు బొమ్మలను కడగకండి, మెత్తని పొడికుంచెతో దులపండి చాలు. రాలిన పెచ్చులున్నా, విరిగిన వేళ్ళున్నా పొట్లం కట్టి తీసుకువెళ్ళండి, వాటితోనే వాళ్ళకు పని. తెచ్చుకున్నాక ప్లాస్టిక్ సంచులలో చుట్టకండి, లోపల తేమ పడుతుంది. పాత నూలుపంచె చించి దేనికదే చుట్టి పెట్టడం మేలు. యివన్నీ ఆ యింటి అరుగుమీద విన్న మాటలే.

బొమ్మలిల్లు పూనా చేరింది. మూడోమెట్టు మీద పెట్టి ఆ పిల్ల ఫోనులో చూపించింది. ముందు నీలం, పక్క పసుపు చూసి, "అమ్మమ్మా, యిది రెండు వాటాల యిల్లా?" అన్నది. పిన్ని డబ్బా కథ మొదలుపెట్టింది. మేము లేచి కాఫీలు తాగి వచ్చేసరికి యింకా చెబుతూనే వుంది.

కల్లుగీసే మనిషి మాత్రం యింకా రావాలి. యిప్పుడు చేసే చెట్లు చిన్నవి కనుక మనుషులూ చిన్నవాళ్ళే; మా చెట్టుకు తగినవాణ్ణి కొలత తీసుకుని ప్రత్యేకంగా చెక్కాలన్నారు. ఒక దారంతో చెట్టు కొలత తీసి ముడివేసి దగ్గర పెట్టుకున్నారు. యీ సంక్రాంతికి తాడిచెట్టు వట్టిగానే నిలబడింది.