కర్త లేని వాక్యం

తెలుగువాడి నోట కర్మణి ప్రయోగం సాధారణంగా పలకదు. "అన్నం తినబడింది" అని యే తల్లీ అనదు. కాని "ఆస్తి బదిలీ చేయబడినది" అని అర్జీలో కనబడితే మనకు యెబ్బెట్టుగా తోచదు. పని చేసినవాణ్ణి దాచడానికి అంత అనువైన వాక్యం మరొకటి లేదు. యీ సంగతి తరగతిలో యేళ్ల తరబడి చెబుతున్న నేనే, అటువంటి వాక్యాలతో మా వదినను యింట్లోంచి వెళ్లగొట్టబోయాను.

అన్నయ్య వదినను కొట్టేవాడని బంధువులందరికీ తెలుసు. తెలిసీ పండగలకు వెళ్లి భోంచేసి వచ్చేవాళ్లం. తగవు ముదిరిన యేడాదే అన్నయ్య యింటిని అమ్మ పేర దానపత్రం రాశాడు. వదిన మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లింది. 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షను కింద, ఆమెను ఆ యింటినుంచి కదిలించరాదని ఉత్తర్వు వచ్చింది.

అప్పుడు అన్నయ్య అమ్మను వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీఓగారి ట్రిబ్యునలులో అర్జీ పెట్టాలి. భాష తెలిసినవాణ్ణి గనక నేను రాయాలి. డెబ్బై రెండేళ్ల అమ్మ బాధలో అబద్ధం లేదు. ఆమెకు నిద్ర లేదు, మందులకు డబ్బు లేదు. నేను రాశాను: "ఇల్లు నా పేర బదిలీ చేయబడినది. నా శాంతికి భంగం కలిగించబడుచున్నది." బదిలీ చేసినదెవరు? యెప్పుడు? శాంతి పోయింది యెవరి చేతుల వల్ల? ఆ ప్రశ్నలు నేను వేసుకోలేదు, ట్రిబ్యునలూ వేయలేదు. కోడలు యిల్లు ఖాళీ చేయాలని ఉత్తర్వు వచ్చింది.

అలా వొకే గుమ్మానికి రెండు ఉత్తర్వులు వచ్చాయి. వొకటి వెళ్లగొట్టవద్దంటుంది, రెండవది వెళ్లిపొమ్మంటుంది. రెండూ రక్షణ పేరనే. పోలీసు స్టేషనులో ఎస్సై రెండు కాగితాలూ బల్లమీద పరచి, "యిందులో దేన్ని అమలు చేయమంటారు మాస్టారూ?" అని నన్నే అడిగాడు.

చట్టాల అక్షరాన్నే పట్టుకుంటే చిక్కు తీరదు. మరే చట్టం అడ్డువచ్చినా తన మాటే చెల్లాలంటుంది 2007 చట్టం 3వ సెక్షను. తాను యితర చట్టాలకు అదనమే గాని వాటిని తగ్గించేది కాదంటుంది గృహహింస చట్టం 36వ సెక్షను. అయితే 2020 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, బెంగుళూరునుంచి వచ్చిన వొక కేసులో, వృద్ధుల చట్టాన్ని అలా వొంటరిగా చదవడానికి ఒప్పుకోలేదు. జస్టిస్ చంద్రచూడ్ రాసిన ఆ తీర్పులో నేను మొదట గమనించినది కథాక్రమం. భర్త కొన్న స్థలాన్ని 2006లో తన తండ్రికి అమ్మాడు. తండ్రి దాన్ని 2010లో తన భార్యకు దానమిచ్చాడు. తీర్పు ప్రతి క్రియకూ కర్తను చూపింది. సత్వర విచారణతో కోడలి నివాసహక్కును తుడిచివేయరాదనీ, రెండు చట్టాలనూ పొందికగా చదవాలనీ చెప్పింది. ఆమె తగిన కోర్టును ఆశ్రయించడానికి వీలుగా, యేడాదిపాటు బలవంతంగా ఖాళీ చేయించరాదన్నది.

దీనితో వృద్ధుల రక్షణ పోయినట్టేనా అని కొందరు మిత్రులు అడిగారు. పోలేదు. అదే యేడాది అక్టోబరు 15న వచ్చిన మరో తీర్పు, అత్తవారింట కోడలి నివాసహక్కు తిరుగులేనిదేమీ కాదనీ, యిరుపక్షాల హక్కులనూ తూచాలనీ చెప్పింది. అదే స్థాయి మరో యిల్లు చూపమని గాని, అద్దె కట్టమని గాని భర్తను ఆదేశించే అధికారం 19వ సెక్షనులోనే వున్నది. అంటే తగవు తీర్చవలసినది అత్తాకోడళ్ల మధ్య కాదు. యిద్దరికీ బాకీపడ్డవాడు మూడవవాడు. ఆస్తిని చేతులు మార్చి, యిద్దరు నిస్సహాయులను యెదురెదురుగా నిలబెట్టి, తాను కాగితంలోంచి తప్పుకుంటాడు. మనం దాన్ని అత్తాకోడళ్ల పోరు అని పిలిచి తృప్తిపడతాం.

వదిన వకీలు ఆ తీర్పును హైకోర్టులో చూపాడు. ఖాళీ ఉత్తర్వు అమలు ప్రస్తుతానికి ఆగింది. "ఆ అర్జీ నువ్వే రాశావటగా. తెలుగు బాగుందయ్యా" అన్నది వదిన. నేను తలవంచుకున్నాను. యింటికి వచ్చి చెబితే అమ్మ అన్నది: "కోడలు వెళ్లిపోవాలని నేనెప్పుడన్నానురా? మందులకు డబ్బు కావాలన్నాను. సంతకం మీరు పెట్టమన్నచోట పెట్టాను."

మొన్న అమ్మకు మరో అర్జీ రాశాను. అదే 2007 చట్టం కింద, నెలకు 10,000 రూపాయలకు మించకుండా పిల్లలనుంచి పోషణ యిప్పించవచ్చు. "నా పెద్దకొడుకు యిల్లు నా పేర రాశాడు. నాకు డబ్బివ్వడం మానేశాడు" అని మొదలుపెట్టాను. మొదటి ప్రతివాది అన్నయ్య. రెండవ ప్రతివాదిగా నా పేరు రాశాను. యిన్నాళ్లూ ఆమె మందుల సంగతి అడగనివాణ్ణి నేను కూడా.