బియ్యం అయిపోయాక వచ్చినవాళ్ళు

కాస్త పొడుగు రాతే. ఆదివారం భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మన పిల్లలకి కాలేజీలోనో, పనిచేసే చోటో, ఈమధ్య ఎక్కువగా ఫోన్లోనో ఎదురవుతున్న మాట ఒకటుంది. "మీ తాతలు గంజి కోసం మారినవాళ్ళు, మీరు రైస్ క్రిస్టియన్లు" అని. కొందరు పిల్లలు పోట్లాడి వస్తారు. కొందరు నవ్వి ఊరుకుంటారు. ఎక్కువమంది ఇంటికొచ్చి ఆ మాటే ఎత్తరు. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ మౌనమే. జవాబు తెలిసిన అవ్వాతాతలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు గనుక, తెలిసినంతవరకు ఇక్కడ రాసి పెడుతున్నాం.

చెన్నపట్నం ఉత్తరాన ఉన్న మన పేటల్లో తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలావరకు ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవే. హార్బరులో మూటలు మోయడానికి కొందరు, పెరంబూరు రైల్వే వర్క్‌షాపుకి కొందరు, బిన్నీ మిల్లుకి కొందరు, కార్పొరేషన్ పారిశుద్ధ్య పనికి ఎందరో వచ్చారు. వస్తూ తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, అందులో ఒక తెలుగు బైబిలు, ఒక కీర్తనల పుస్తకం. మిగిలిందంతా ఇక్కడ సంపాదించుకున్నదే.

మన పేటల పక్కనే బకింగ్‌హాం కాలువ పారుతోంది. ఇప్పుడది మురుగు కాలువ. ముక్కు మూసుకుని వంతెన దాటుతాం. కానీ మన కథలో పెద్ద భాగం ఆ కాలువ గట్టు మీదే జరిగింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. కరువు పని కింద ఆ కాలువలో కొంత భాగాన్ని తవ్వించారు. చెన్నపట్నంలో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్క ఆ కరువులో తవ్విందే. ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ళ ముక్కని అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు కాంట్రాక్టుకి తీసుకున్నారు. ఆయన తమ దేశంలో సర్వేయరు పని చేసినవాడు, మట్టి పని లెక్కలు తెలిసినవాడు. ఆకలితో చచ్చిపోతున్న మనుషులకి ఉచితంగా గంజి పోసే బదులు పని చూపించి కూలి ఇవ్వాలని ఆయన ఉద్దేశం. బోధకులే మేస్త్రీలై నిలబడ్డారు. మనవాళ్ళు గంపలెత్తారు.

ఇక్కడిదాకా విన్నవాళ్ళు "చూశారా, కూలిచ్చి కలుపుకున్నారు" అంటారు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

కాలువ గట్టు మీద పని చేస్తూ, విశ్రాంతి వేళ బోధకుల మాటలు వింటూ, వేలమంది బాప్తిస్మం అడిగారు. దొరగారు ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. చేతిలో కరువు డబ్బు ఉన్నంతకాలం, ఎవరు దేవుడి కోసం వచ్చారో ఎవరు కూలి కోసం వచ్చారో తేల్చలేమని ఆయన భయం. 1878 నడిమికి సాయం డబ్బు అయిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకి వెళ్ళండి అని చెప్పారు. జనం వెళ్ళలేదు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలి అని కూర్చున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జులై 2 నుంచి మూడు రోజుల్లో 3,536 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందులో జులై 3న ఒక్కరోజే 2,222 మంది.

పిల్లలూ, ఈ వరస గుర్తుపెట్టుకోండి. బియ్యం ఉన్నప్పుడు తలుపు మూసి ఉంది. బియ్యం అయిపోయాక తలుపు తెరిచారు. అప్పుడు వచ్చినవాళ్ళు మన పెద్దలు.

కరువుకి పదేళ్ళ ముందు సంగతి కూడా చెప్పాలి. తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ పెద్ద ఉండేవాడు. యోగం, గురువులు అంటూ చాలాకాలం దేవుణ్ణి వెతికిన మనిషి. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. తర్వాత ఊరూరా తిరిగి తమవాళ్ళకి చెప్పారు. ఆ రోజుల్లో చేరినవాళ్ళు పట్టుకున్న కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవిగా ఉన్నాయి. కానీ వెట్టికి పిలిచే రైతుకి "ఆదివారం రాలేను" అని చెప్పడమంటే ఏమిటో, జాతరలో డప్పు కొట్టనని చెప్పడమంటే ఏమిటో ఆ కాలపు మాదిగపల్లెకే తెలుసు. కొన్ని ఊళ్ళలో కరణాలు, పెద్దరైతులు కలిసి బావి దగ్గరికి రానివ్వలేదు, బజారులో సరుకు ఇవ్వనివ్వలేదు. చేరినందుకు వాళ్ళకి దక్కిన లాభం అది.

ఇంకొకటి. పై కులాలవాళ్ళు కొందరు క్లౌ దొరగారి దగ్గరికి వచ్చి, మీరు మాదిగల్ని చేర్చుకోకుండా ఉంటే మేము వస్తాం అన్నారు. ఆయన, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కంటబడిందట. లోకం నీచమని తోసేసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. దొరగారు తన జ్ఞాపకాల్లో ఇది రాసుకున్నారు. ఆ తర్వాత మనవాళ్ళని ఆపలేదు.

ఇప్పుడు పునాది సంగతికి వద్దాం. మత్తయి సువార్తలో ఇద్దరు ఇల్లు కట్టిన ఉపమానం సండే స్కూలు పిల్లలందరికీ వచ్చు. బండ మీద ఒకడు, ఇసుక మీద ఒకడు. మనం చాలాసార్లు దీన్ని విశ్వాసులకీ అవిశ్వాసులకీ తేడాగా చెప్పుకుంటాం. జాగ్రత్తగా చదివితే ఇద్దరూ అవే మాటలు విన్నారు. ఇద్దరి మీదా అదే వాన కురిసింది, అదే వరద వచ్చింది, అదే గాలి కొట్టింది. విన్నదాన్ని ఒకడు చేశాడు, ఒకడు చేయలేదు. తేడా అంతే. అంటే ఆ ఇద్దరూ మన గుడిలోనే, బహుశా ఒకే బెంచీ మీద, పక్కపక్కన కూర్చున్నవాళ్ళు.

కాలువ పక్కన ఇల్లు కట్టుకున్న మనకి ఈ ఉపమానాన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తవ్వితే ఇసుక, ఇంకా తవ్వితే నీళ్ళు. పునాదిలో పోసిన డబ్బు గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలకి కనిపించదు. వాళ్ళు టైల్సు చూస్తారు, గేటు చూస్తారు. పునాది ఎలాంటిదో డిసెంబరులో తెలుస్తుంది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మన వైపు రోజుల తరబడి నీళ్ళు తీయలేదు. కరెంటు లేదు, పాలు లేవు. మన అసోసియేషన్ తరఫున బియ్యం, పప్పు, కొవ్వొత్తులు, బ్రెడ్డు సంచుల్లో కట్టాం. కడుతుండగా ఒక తమ్ముడు సువార్త కరపత్రాల కట్ట తెచ్చి, సంచికి ఒకటి చొప్పున పెడదాం అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నడుము లోతు నీళ్ళలో తిరిగి అందరికంటే ఎక్కువ పని చేసింది కూడా అతనే. పెద్దల్లో ఒకావిడ, డెబ్బై దాటిన మనిషి, చేతిలోని సంచి కింద పెట్టి ఒకే మాట అన్నది: "ఆకలి మీద ఉన్నవాడి చేతిలో పెట్టే కాయితం వాడు చదవడు నాయనా, మన మొహం చూసి తీసుకుంటాడు." కరపత్రాలు పెట్టలేదు. సంచులు మాత్రం వీధి చివరి మసీదు పక్క ఇళ్ళకీ, అమ్మవారి గుడి వెనక ఇళ్ళకీ, మన ఇళ్ళకీ ఒకే లెక్కన వెళ్ళాయి. ఆ అక్కకి క్లౌ దొరగారి పదిహేను నెలల సంగతి తెలియదు. అయినా అదే పని చేయించింది. పునాది అంటే మాకు అర్థమైంది అదే. పుస్తకంలో ఉన్నది మనిషి చేతికి అలవాటు కావడం.

పునాదిని పరీక్షించే సంగతులు ఇంకా ఉన్నాయి. వాటిలో రెండు దాచకుండా మాట్లాడుకోవాలి.

ఒకటి కుల సర్టిఫికెట్. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. మన తమిళనాడులో మారినవాళ్ళని వెనుకబడిన తరగతుల కింద లెక్కిస్తారు. గుడిలో ఒక పేరు, కాయితంలో ఒక పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. వాళ్ళ మీద రాయి వేయడానికి ఇది రాయడం లేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో కులం పోలేదు, వివక్ష పోలేదు. హోదా మాత్రం పోయింది. ఇది అన్యాయమని చట్టం ముందు అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. కానీ పిల్లలకి ఇంట్లో నిజం చెప్పండి. పూర్తి క్రైస్తవులమని రాయించుకుని సీటు పోగొట్టుకున్న కుటుంబాలు కూడా మన పేటల్లో ఉన్నాయి. గంజి కోసం మారారనే మాటకి వాళ్ళ బతుకే జవాబు. లాభం వదులుకుని ఉన్నవాళ్ళని లాభం కోసం వచ్చారని ఎవరంటారు?

రెండోది మన లోపలి నుంచే వస్తోంది. ఈ మధ్య కొన్ని కూటాల్లో విశ్వాసాన్ని చీటీ పాటలాగా చెబుతున్నారు. విత్తన కానుక వేస్తే నూరంతలు తిరిగి వస్తుందట. మన వీధిలో ఒక చెల్లెలు భర్త ఉద్యోగం కోసం మీటరు వడ్డీకి అప్పు తెచ్చి అలాంటి చోట కానుక వేసింది. ఉద్యోగం రాలేదు. వడ్డీవాడు మాత్రం ప్రతి సాయంత్రం గుమ్మం ముందుకు వచ్చాడు. "నీ విశ్వాసం చాల్లేదు" అని ఆమెకి చెప్పారట. మేము నలుగురం వెళ్ళి కూర్చున్నాం. అసలు ఎంతో, కట్టింది ఎంతో కాయితం మీద రాయించాం. మన మహిళల చీటీలో మొదటి పాట ఆమెకి వదిలేశారు. పదకొండు నెలల్లో అప్పు తీరింది. ఆ చీటీలో ఇద్దరు తమిళ అక్కలు ఉన్నారు, మన గుడికి వచ్చేవాళ్ళు కాదు, అయినా వాళ్ళూ సరే అన్నారు.

ఆలోచించండి. కరువులో ఉన్న దొరగారు, డబ్బు చూసి రావద్దని తలుపు మూశారు. నేడు డబ్బు వస్తుంది రండి అని తలుపు తీస్తున్నారు. ఊరివాళ్ళు మన తాతల్ని అన్న మాట అబద్ధం. ఈ దారిన పోతే మన మనవళ్ళ విషయంలో అది నిజమవుతుంది. మా భయమంతా అదే. బయటివాడి ఎగతాళి కంటే ఇది పెద్ద ప్రమాదం. రోగం తగ్గాలని, ఉద్యోగం రావాలని ప్రార్థించడం తప్పు కాదు, మనందరం చేస్తాం. అవి రాకపోయినా మరుసటి ఆదివారం వచ్చి కూర్చోగలమా అన్నది ప్రశ్న. ఆ చెల్లెలు వచ్చి కూర్చుంటోంది. ఆమె భర్త ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

చివరిగా భాష. తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరిగా నేర్పాలని చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి పైకి వెళ్ళింది. తమిళం మనకి అన్నం పెట్టిన భాష, దాని మీద మనకి కోపం లేదు. కానీ ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కీర్తనల్ని ఫోన్లో తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. గొంతు బాగుంటుంది, పాట మధ్యలో అర్థం అడిగితే ఆగిపోతారు. విన్నది చేయాలంటే ముందు విన్నది అర్థం కావాలి కదా. తమిళ బైబిలో, ఇంగ్లీషు బైబిలో చదివినా దేవుడికి లోటు లేదు. కానీ ట్రంకు పెట్టెలో వచ్చిన ఆ బైబిలు, అంచుల్లో అవ్వ పెన్సిలుతో రాసుకున్న పుట్టుకలు, చావులు, మొక్కుబడులు, అప్పు తీరిన తేదీలు, ఇవి ఎవరు చదువుతారు? మన కుటుంబాల విశ్వాసం చరిత్ర అక్కడే ఉంది, వేరే చోట ఎక్కడా అచ్చవలేదు.

అందుకని అసోసియేషన్ పెద్దలం కూర్చుని మూడు పనులు అనుకున్నాం. సండే స్కూలు తర్వాత అరగంట తెలుగు అక్షరాలు, పెద్దవాళ్ళు కూడా రావచ్చు, సిగ్గుపడక్కర్లేదు. నెలకొక ఇంటి పాత బైబిలు తెచ్చి అంచుల్లో రాసినవి చదివి, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే నోటుబుక్కులోకి ఎక్కించడం. మూడోది వాన నిధి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలయ్యేలోపు ఇంటికి రెండు కిలోల బియ్యమో, దాని ఖరీదో జమ చేయాలి. సంచుల మీద మన పేరు ఉండదు, లోపల కాయితం ఉండదు.

బియ్యం పోయడానికి డ్రమ్ము కొన్నాం, గుడి వెనక గదిలో ఉంది. తాళంచెవి మహిళా సమాజం అక్కల దగ్గర ఉంటుంది.