ఇద్దరికీ సరిపోయే పడవ

మాలో ఒకరు కోనసీమలో పుట్టి, తండ్రితో గోదావరిపై తెరచాప పడవ నడిపినవారు. మరొకరు అనంతపురం జిల్లాలో బావి నీళ్ళు తప్ప ఎరుగనివారు. టెక్సాస్‌లో ఒక జలాశయం దగ్గర కాపురముంటున్న మాకు, సొంతంగా తెరచాప పడవ కొనాలనే ఆశ కలిగింది. చేతిలో డబ్బు కొంచెమే.

మొదట 30 అడుగుల పాత పడవ ఒకటి చవకగా కనబడింది. కాని రేవు అద్దె, తెరచాపలు, తాళ్ళు, మరమ్మతులు లెక్కవేస్తే ఖర్చు కొన్న ధరను మించేలా ఉంది. పైగా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది: "ఏమండీ, మీరు నీళ్ళలో పడిపోతే నేనొక్కదాన్నే పడవ తిప్పి మిమ్మల్ని ఎక్కించుకోగలనా?" ఆ రాత్రి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

పడవను తెలిసినవారి నేర్పును బట్టి కాక, తెలియనివారి శక్తిని బట్టి ఎంచుకోవాలని అప్పుడు గ్రహించాము.

చివరకు 1970లలో తయారైన కాటలీనా 22 అనే పడవ కొన్నాము. పొడవు 21న్నర అడుగులు. అడుగునున్న బరువైన ఇనుప పలకను పైకెత్తితే 2 అడుగుల లోతు నీళ్ళు చాలు. దించితే 5 అడుగులు కావాలి. ట్రైలర్ మీద ఇంటికే తెచ్చుకుంటాము గనుక రేవు అద్దె లేదు. కొనేముందు పడవ పైభాగమంతా తట్టి, మెత్తబడిన చోట్లు వెదికాము. పలకను ఎత్తే తీగను, తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలను పరీక్షించాము.

లైఫ్ జాకెట్లు తొడుక్కుని, మూతబిగించిన ఖాళీ డబ్బాను నీళ్ళలో విసిరి, తిరిగి అందుకోవడం సాధన చేశాము. నాలుగో శనివారం, నీళ్ళంటే భయపడినవారే ఒంటరిగా చుక్కాని పట్టి డబ్బాను అందుకున్నారు. ఆ రోజే ఆ పడవ మా ఇద్దరిదీ అయింది.

ప్రియ చదువరులారా, ఇంటికి ఏది తెచ్చుకున్నా, మీలో తక్కువ బలముగలవారు కూడా దాన్ని నడపగలరా అని ముందుగా అడిగి చూడండి.