ఒక్కటే ప్లేటు!

లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి తూర్పుకి కాస్త నడిస్తే కెన్సింగ్టన్ అనే వీధి వస్తుంది. అందులో 38వ నంబరు ఇల్లు వరసలో ఒకటి, అంతే. పక్కిళ్లకీ దానికీ తేడా గోడకున్న చిన్న ఫలకమే. బీటిల్స్ అని పేరు రాకముందు ఆ కుర్రాళ్లు తొలి రికార్డు చేయించుకున్నది ఇక్కడే.

ఇంటి యజమాని పెర్సీ ఫిలిప్స్. ముందు గదిలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, వెనక గదిలో రికార్డింగు యంత్రాలు. ఒకప్పుడు మన చిలకలూరిపేటలాంటి ఊళ్లలో ఖాళీ క్యాసెట్టూ పాటల చిట్టీ ఇస్తే నచ్చినవన్నీ ఎక్కించి ఇచ్చేవారు, గుర్తుందా? ఇదీ ఇంచుమించు అలాంటి దుకాణమే. కాకపోతే ఇక్కడ పాడాల్సింది మనమే!

1958 జులైలో అయిదుగురు తలా కొంత డబ్బు వేసుకుని వచ్చారు. జాన్ లెనన్‌కి 17 ఏళ్లు, పాల్ మెకార్ట్‌నీకి 16, జార్జ్ హారిసన్‌కి 15. డ్రమ్స్ మీద కోలిన్ హాంటన్, పియానో ముందు జాన్ డఫ్ లో. అప్పటికి వాళ్ల బృందం పేరు క్వారీమెన్. ప్లేటుకి ఒకవైపు బడీ హాలీ పాట ‘దటిల్ బి ద డే’, రెండోవైపు సొంత పాట ‘ఇన్ స్పైట్ ఆఫ్ ఆల్ ద డేంజర్’. రెండిటికీ ప్రధాన గొంతు జాన్‌దే. ఆ నెల 15న అతని తల్లి జూలియా కారు ఢీకొని చనిపోయింది. పాల్ తల్లి మేరీ అంతకు రెండేళ్ల ముందే, 1956లో పోయింది. ఇద్దరు స్నేహితుల్నీ దగ్గర చేసిన వాటిలో పాటతోపాటు ఈ లోటూ ఉంది.

ఊరికి దక్షిణాన, ఆలర్టన్‌లోని 20, ఫోర్త్‌లిన్ రోడ్‌లో పాల్ ఇల్లుంది. మునిసిపాలిటీ కట్టించి అద్దెకిచ్చిన ఇల్లది. తండ్రి పనికి వెళ్లగానే ముందుగది గిటార్లతో నిండిపోయేది. 1960లో అరువు తెచ్చిన గ్రండిగ్ టేప్ రికార్డర్‌తో అక్కడే కొన్ని పాటలు రికార్డు చేసుకున్నారు. వింటే గరగర ఎక్కువే, నిజం చెప్పాలంటే పాటలూ అంతంతమాత్రమే. అయినా నేషనల్ ట్రస్ట్ ఆ ఇంటిని 1995లో తీసుకుని, బాగుచేసి, 1998లో సందర్శకులకు తలుపులు తెరిచింది.

ఇంతకీ కెన్సింగ్టన్‌లో చేయించుకున్న ప్లేటేమైంది? ఉన్నది ఒక్కటే కనక వంతులేసుకున్నారు. తలా వారం. తిరిగి తిరిగి డఫ్ లో దగ్గరికి చేరాక అక్కడే ఆగిపోయింది. అతను బృందం వదిలేశాడు, మిగతావాళ్లు ప్రపంచాన్ని ఏలారు. ప్లేటు మాత్రం 20 ఏళ్లకు పైగా అతని దగ్గరే, బట్టల సొరుగులో ఉంది. 1981లో వేలానికి రాబోతోందని తెలిసి పాల్ దాన్ని కొనేసుకున్నాడు. ఓ 50 కాపీలు తీయించి ఆత్మీయులకు పంచాడు. మామూలు శ్రోతల చెవిన అది పడింది 1995లో, ‘ఆంథాలజీ 1’ ఆల్బంలో. అప్పటికి జాన్ లేడు.